లేదని రాయడానికి ముందు

కెమిస్ట్రీ ప్రాక్టికల్ రికార్డులో మూడు గడులుంటాయి. ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ. మొదటి రెండిటికీ నిజాయితీ ఉంటే చాలు. చేసింది రాయాలి, చూసింది రాయాలి. మూడో గడికి ఆలోచన కావాలి. డిగ్రీ పిల్లలకు కార్బోహైడ్రేట్ల పరీక్షలు నేర్పినన్నాళ్ళూ నా ఎర్రకలం ఎక్కువగా ఆగింది ఆ మూడో గడిలోనే. అందులోనూ "ఉంది" అని రాసినచోట కాదు, "లేదు" అని రాసినచోట. ఒకటి కనబడకపోవడం వేరు, అది లేకపోవడం వేరు. కనబడలేదు కనుక లేదు అని ఎప్పుడు అనవచ్చు, ఎప్పుడు అనకూడదు? నా జీవితమంతా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. ల్యాబులో మొదలై దేవుడి దాకా పోయింది.

పరీక్ష రోజున ఒక్కొక్కరికి ఒక్కో పొట్లం ఇస్తాం. మీద నంబరే గాని పేరుండదు. లోపల గ్లూకోజ్ ఉండొచ్చు, ఫ్రక్టోజ్, పంచదార, పాలచక్కెర, గంజిపొడి, ఏదైనా కావచ్చు. ముందు మోలిష్ పరీక్ష. నీళ్ళలో కరిగించిన పదార్థంలో రెండు చుక్కలు ఆల్ఫా నాఫ్తాల్ వేసి, టెస్ట్‌ట్యూబు వాల్చి పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంబడి మెల్లగా జార్చాలి. ఆమ్లం బరువైంది కాబట్టి అడుక్కి దిగి నిలబడుతుంది. రెండు ద్రవాలూ ఒరుసుకునే చోట ఊదారంగు వలయం కడుతుంది. చక్కెరలోంచి ఆమ్లం నీటిని లాగేస్తే మిగిలే పదార్థం నాఫ్తాల్‌తో కలిసి ఆ రంగు ఇస్తుంది. 1886లో ఈ పరీక్షను లోకానికి చెప్పిన హాన్స్ మోలిష్ ఆస్ట్రియాకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఇది దాదాపు అన్ని కార్బోహైడ్రేట్లకూ పలుకుతుంది. వడపోత కాగితం పీలిక ఒకటి ట్యూబులో పడినా పలుకుతుంది, కాగితమూ సెల్యులోజే కనుక.

ఆ తర్వాత బెనెడిక్ట్ ద్రావణం. లీటరు నీటిలో 17.3 గ్రాముల మైలతుత్తం, 173 గ్రాముల సోడియం సిట్రేట్, 100 గ్రాముల సోడియం కార్బొనేట్. నిర్మలమైన నీలం. గ్లూకోజ్ చుక్కలు వేసి మరిగిస్తే ఆకుపచ్చకి, పసుపుకి, నారింజకి తిరిగి, చివరికి ఇటుకరంగు మడ్డి అడుగున దిగుతుంది. రాగి ఎలక్ట్రాన్ పుచ్చుకుని క్యుప్రస్ ఆక్సైడ్ అయిందన్నమాట. అమెరికన్ రసాయనజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ దీన్ని రూపొందించకముందు 1849 నాటి ఫెహ్లింగ్ ద్రావణం వాడేవారు. దాన్ని రెండు సీసాల్లో విడిగా ఉంచి అప్పటికప్పుడు కలుపుకోవాలి. బెనెడిక్ట్ ద్రావణం ఒక్క సీసాలో నెలల తరబడి నిలవుంటుంది. మా పాత ల్యాబు అలమరలో ఆ నీలం సీసా లేని రోజు నాకు గుర్తులేదు.

పంచదార పొట్లం వచ్చిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. ఒకసారి ఒక అమ్మాయి రెండు ట్యూబులూ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడమ్, మోలిష్ ఉందంటోంది, బెనెడిక్ట్ లేదంటోంది. ఎవరి మాట రాయను?" ఇద్దరి మాటా నిజమే అన్నాను. పంచదార అణువులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉన్నాయి. కానీ అవి ఏ కొసతో రాగికి ఎలక్ట్రాన్లు ఇవ్వగలవో సరిగ్గా ఆ కొసలతోనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చేయి చాపేందుకు ఖాళీ లేదు. అందుకని బెనెడిక్ట్ నీలంగానే ఉండిపోతుంది. "చక్కెర లేదు" అని రాస్తే అబద్ధం. "క్షయకరణం చేసే చక్కెర లేదు" అని రాస్తే సత్యం. కొద్దిగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి మరిగించి, ఆమ్లాన్ని సోడియం కార్బొనేట్‌తో చంపి మళ్ళీ బెనెడిక్ట్ వేయమన్నాను. ఇటుకరంగు వచ్చింది. ఆ అమ్మాయి మొహంలో వెలుగు ఇప్పటికీ మరిచిపోలేదు.

ప్రతి పరీక్షా ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. జవాబులు మాత్రం మనం ఎన్నో ప్రశ్నలకు వచ్చినట్టు చదువుకుంటాం. నారింజపండులోని సి విటమిన్ చక్కెర కాదు, అయినా బెనెడిక్ట్‌ని ఎర్రబరుస్తుంది. గంజి ఉన్నా, మరిగే నీళ్ళలో అయోడిన్ వేస్తే నీలం రాదు, చల్లారాక వస్తుంది. గంజి అణువు మెలికలు తిరిగి ఉంటుంది, ఆ మెలికలో అయోడిన్ కూర్చుంటేనే రంగు, వేడికి ఆ కూర్పు నిలవదు. 1814 నుంచీ తెలిసిన పరీక్ష ఇది, అంత నమ్మకమైనది. దానికీ సమయం సందర్భం చూడాలి.

ఇవన్నీ నేను కాలేజీలో నేర్పుతున్న రోజుల్లో ఇంటిదగ్గర అరుగు మీద నాన్నగారు తర్కం చెప్పేవారు. శిష్యులు ఎక్కువమంది ఉండేవారు కాదు. పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు, 17వ శతాబ్దంవాడు, కాశీ వెళ్ళి స్థిరపడ్డాడు. కాశీ వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని పండితుల్లో ఒక నానుడి కూడా పుట్టింది. ఒక సాయంత్రం పంచదార సంగతి నాన్నగారికి చెప్పాను. ఆయన చాలా సంతోషపడ్డారు. "ఇది మా అభావ ప్రకరణమేనమ్మా" అన్నారు. అభావమంటే లేమి.

నేల మీద కుండ లేదు. లేదని నాకెలా తెలిసింది? మన దేశంలో దీనిమీద జరిగినంత వాదం మరోచోట జరిగిందేమో నాకు తెలియదు గాని, ఇక్కడ మాత్రం గట్టిగా జరిగింది. తర్కాన్ని నమ్ముకున్న నైయాయికులు, అన్నంభట్టుతో సహా, కుండ లేకపోవడం కంటికే తెలుస్తుందన్నారు. నేలకు విశేషణంగా ఆ లేమిని కన్ను పట్టుకుంటుందని. మీమాంసకుడు కుమారిలభట్టు కాదన్నాడు. లేనిదానితో కంటికి సంబంధం ఏమిటి? తెలియకపోవడమే ఇక్కడ తెలియజేస్తుంది, దాన్ని విడిగా ఆరో ప్రమాణంగా, అంటే తెలుసుకునే ఆరో సాధనంగా లెక్కపెట్టాలి అన్నాడు. అద్వైతులూ ఆ మాటే తీసుకున్నారు. మీమాంసకుల్లోనే ప్రాభాకరులు అసలు లేమి అనే వస్తువే వేరుగా లేదు, ఉన్నది వట్టి నేల మాత్రమే అన్నారు. బౌద్ధుడు ధర్మకీర్తి ఆ తెలియడాన్ని అనుమానంలో, అంటే హేతువును బట్టి తేల్చుకోవడంలో, ఒక రకం చేశాడు. ఇన్ని రకాలుగా విడిపోయినవాళ్ళు ఒక్కచోట మాత్రం దగ్గరికొస్తారు. ఉత్త కనబడకపోవడం చాలదు. ఉండి ఉంటే కనబడి తీరేది అని చెప్పగలగాలి. వెలుతురుండాలి, కన్ను బాగుండాలి, వస్తువు కంటికి ఆనే జాతిది కావాలి. దీన్నే యోగ్యత అంటారు. చీకటిగదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు. దూరదేశంలో ఉన్నవాటి విషయంలో, గడిచిన కాలంలోవాటి విషయంలో, స్వభావం చేతనే కంటికి అందని పిశాచాల వంటి వాటి విషయంలో కనబడకపోవడం సందేహాన్నే ఇస్తుంది, నిశ్చయాన్ని ఇవ్వదని ధర్మకీర్తి ఖండితంగా చెప్పాడు.

విన్నప్పుడు నాకు ల్యాబులో పక్క ట్యూబు గుర్తొచ్చింది. తెలియని పదార్థంతో పరీక్ష చేసేటప్పుడు, పక్కనే ఇంకో ట్యూబులో తెలిసిన గ్లూకోజ్ వేసి, అదే సీసాలోని ద్రావణంతో, అదే మంట మీద మరిగించమంటాను. అది ఎర్రబడితేనే ఇది నీలంగా ఉండటానికి అర్థం. అదీ నీలంగానే ఉంటే ద్రావణం పాడైంది, లేదా మంట చాలలేదు. అప్పుడు నిర్ధారణ గడి ఖాళీగా ఉంచాలి. పిల్లలకు ఇది పనికిమాలిన పనిగా తోచేది. "తెలిసినదాన్ని మళ్ళీ పరీక్ష చేయడం ఎందుకు మేడమ్?" అని అడిగేవారు. ఆ పక్క ట్యూబు లేకుండా లేదనే హక్కు ఎవరికీ లేదు. యోగ్యతను కంటికెదురుగా నిలబెట్టేది అదే.

లేమిలో నాలుగు రకాలు చెప్తారు తార్కికులు. పచ్చి అరటికాయ ముక్క మీద అయోడిన్ వేస్తే నల్లటి నీలం. అది గంజి. పండులోని తీపి అందులో ఇంకా పుట్టలేదు, పుట్టకముందరి లేమి. పండాక గంజి చాలావరకు పోతుంది. పోయిన తర్వాతి లేమి. కల్తీ లేని పాలలో గంజి ఎన్నడూ ఉండదు. ఇది ఎప్పటికీ ఉండే లేమి, అందుకే పాల కల్తీ పట్టుకోవడానికి అయోడిన్ చుక్క పనికొస్తుంది. నాలుగోది, గ్లూకోజ్ ఫ్రక్టోజ్ కాకపోవడం. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎమిల్ ఫిషర్ కనిపెట్టిన ఫినైల్ హైడ్రజీన్‌తో వేడిచేస్తే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మానోజ్ మూడూ ఒకే పసుపు సూదుల స్ఫటికాలిస్తాయి. మూడిటికీ తేడా మొదటి రెండు కార్బన్ల దగ్గరే; పరీక్ష సరిగ్గా ఆ రెండిటినీ మార్చేస్తుంది. తేడాను చెరిపేసి తేడా లేదని చెప్పే పరీక్ష అది. మైక్రోస్కోపు కింద ఆ సూదులు ఎంత అందంగా ఉన్నా వాటి మాట అంతవరకే వినాలి.

అమ్మకు షుగర్ వచ్చాక ఈ తర్కం మా వంటింట్లోకి వచ్చింది. ఇంట్లో మీటర్లు లేని రోజులవి. కాలేజీ నుంచి కాదు, మందుల షాపు నుంచి బెనెడిక్ట్ సీసా కొని తెచ్చుకునేవాళ్ళం. 5 మిల్లీలీటర్ల ద్రావణం, 8 చుక్కల మూత్రం, స్పిరిట్ దీపం. నీలంగా ఉంటే అమ్మ మొహం విప్పారేది. "నీలమే కదే, ఓ అరిసె తినొచ్చా?" అని అడిగేది. నీలం అంటే మూత్రంలో చక్కెర లేదని మాత్రమే. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గాని మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. వయసు మీదపడ్డవాళ్ళలో ఆ గడప ఇంకా ఎత్తు కావచ్చు. 160 ఉన్న మనిషి మూత్రం నిర్మలమైన నీలమే చూపిస్తుంది. కనబడదగిన చోట కనబడకపోవడం కాదది. అమ్మకు ఇదంతా చెప్పి అరిసెలో సగం విరిచి ఇచ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే తమ్ముడు పోయాడు. మెదడువాపు జ్వరం. అమ్మ ఏడుకొండలవాడికి పసుపుగుడ్డలో ముడుపు కట్టింది. వాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ ముడుపు ముందు కూర్చుని పిలుస్తూనే ఉంది. పన్నెండో రోజు వెళ్ళిపోయాక చుట్టాలంతా ఉండగా అమ్మ అన్నమాట ఒకటే. "ఉంటే పలకడూ?"

పెద్దవాళ్ళు తప్పుతప్పు అన్నారు. అలా అనకూడదన్నారు. ఆ మందలింపు ఆనాడే నాకు నచ్చలేదు, ఈనాటికీ నచ్చదు. ఎందుకంటే అమ్మ మాటలో తర్కం దోషం లేనిది. ఇక్కడ కుండ ఉంటే కనబడేది, కనబడలేదు, కనుక లేదు. పిలిస్తే పలికేవాడు ఉంటే పలికేవాడు, పలకలేదు. అచ్చంగా ఆ ఎత్తుగడే. చదువుకోని మనిషి దుఃఖంలోంచి శాస్త్రం ఒప్పుకునే వాక్యం అన్నది.

ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని ఎదుర్కొన్నాడు. పదో శతాబ్దం చివర మిథిలలో కూర్చుని ఈశ్వరుణ్ణి నిలబెట్టడానికి రాసిన గ్రంథం అది. కనబడదగినది కనబడకపోతేనే లేదనగలం, ఈశ్వరుడు కంటికి కనబడదగినవాడు కాడు, కనుక కనబడకపోవడం ఆయన్ని కాదనలేదు అన్నాడు. మరి కుందేటి కొమ్మునూ అలాగే కాదనలేమా అంటే, కొమ్ము కనబడే జాతిది కనుక కాదనవచ్చు అన్నాడు. కంటికి కనబడనిదల్లా లేదనే చార్వాకుణ్ణి ఆయన నిలదీసిన తీరు గొప్పగా ఉంటుంది. గుమ్మం దాటగానే నీకు భార్యాబిడ్డలు కనబడరు కదా, మరి వాళ్ళు పోయారని గుండెలు బాదుకోవెందుకు అని. నాన్నగారు ఈ ఘట్టం చెప్తుంటే అరుగంతా నవ్వులే.

కానీ ఆ జవాబు మా అమ్మకు చాలదు. ఉదయనుడు కాపాడింది కంటికి అందని జగత్కర్తను. అమ్మ పిలిచింది జగత్కర్తను కాదు, ఆపదమొక్కులవాణ్ణి. పిలిస్తే పలుకుతాడని పుట్టినప్పటి నుంచి ఆమెకు నేర్పారు. పలుకుతాడన్న గుణం ఆయనకు తగిలించాక, పలకకపోవడం లెక్కలోకి రాదని అనడానికి వీల్లేదు. కోరింది దొరికినప్పుడు పలికాడని చెప్పి, దొరకనప్పుడు ఆయన స్వభావమే అందనిదని చెప్పడం ఒకే ప్రయోగానికి రెండు రికార్డులు రాయడం. నేను నమ్మకం లేనిదాన్ని కాను. అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను.

ప్రవచనాల్లో ఒక పోలిక బాగా చెల్లుతుంది. నా పంచదార కథ విని ఒక పెద్దాయన అదే చెప్పారు. అణువు విరిగితేనే బెనెడిక్ట్‌కి తెలిసినట్టు, మనిషి దుఃఖంతో విరిగితేనే దేవుడు తెలుస్తాడట. నేను ఒప్పుకోలేదు. విరిగాక ట్యూబులో ఎర్రబడేది పంచదార కాదు, దాని ముక్కలు. పైగా విరిగింది పంచదారేనని నాకు తెలుసు, పక్కన ఇంకో ట్యూబు ఉంది కనుక. అమ్మ పక్కన అలాంటి ట్యూబు ఏది?

చాలాకాలం నా నిర్ధారణ ఇక్కడే ఆగింది. దేవుడు పలకడం అంటే ఏమిటో, ఎలా ఉంటుందో తెలిసిన నమూనా లేదు. నమూనా లేనప్పుడు అమ్మ లేడనడానికి వీల్లేదు, చుట్టాలు ఉన్నాడనడానికీ వీల్లేదు. ఈ మాట నాన్నగారితో అంటే ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. "నీ పక్క ట్యూబులో ఉన్నది గ్లూకోజేనని నీకెవరు చెప్పారు?"

సీసా మీద చీటీ చెప్పింది. ఎవరో తయారుచేసినవాళ్ళు అంటించిన చీటీ. అంటే నా నమూనా నిలబడింది నమ్మదగినవాడి మాట మీద. ఆప్తవాక్యం. శబ్దప్రమాణం. పలికాడని చెప్పిన భక్తుల మాట అలాంటి చీటీ ఎందుకు కాకూడదన్నారు నాన్నగారు. ఎన్నో రాత్రులు దీనిమీద ఆలోచించాను. చీటీని నేను నమ్ముతాను గాని, అవసరమైతే విప్పి చూసుకోగలను. గ్లూకోజ్ 146 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది, దాని విశిష్ట భ్రమణం 52.7 డిగ్రీలు. కొలతలకు వాడే థర్మామీటర్ మీద మళ్ళీ ఎవరిదో చీటీ ఉంటుంది, నిజమే. కాని దారులు ఒకటికి నాలుగున్నాయి, నాలుగూ ఒకేచోటికి చేరుతున్నాయి. భక్తులు తమకు పలికాడని చెప్పారు. ఏ పిలుపుకు, ఏ స్థితిలో, ఎందుకు ఒకరికి పలికి ఇంకొకరికి పలకడో చెప్పలేదు. నాన్నగారు చీటీ దగ్గర తృప్తిపడ్డారు. నేను పడలేకపోయాను. ఇద్దరం ఒకరినొకరం ఒప్పించుకోకుండానే ఆ వాదం చాలా ఏళ్ళు సాగింది.

ఒకరోజు వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అమ్మ అంతా విన్నది. నేను ఆమె వాక్యాన్ని వివరిస్తున్నాను. పక్షం ఇది, హేతువు ఇది, అమ్మ లేడని సాధించింది, సాధించిన పద్ధతి సరైనదే, కాని యోగ్యత తేలలేదు అని. అమ్మ నాన్నగారి వైపు చూసి అంది: "మీరిద్దరూ చదువుకున్నవాళ్ళు. నేను లేడనుకుని ఆ మాట అన్నానా? లేనివాణ్ణి ఎవరైనా అడుగుతారా? ఇంట్లో ఉన్నవాణ్ణే కదండీ, ఉంటే పలకవేం అని గుమ్మంలో నిలబడి కేకేస్తాం."

నాన్నగారు నా వైపు తిరిగి, ఇది అనుమానం కాదే, పిలుపు అన్నారు. అవును, ఇంకా అలా పిలుస్తూనే ఉన్నానంది అమ్మ.